నేల మీద పలకని పేరు

గురయ్య కన్నులను నీటికాసులు కమ్ముకొని, మొదట పావురాల కొండను, పిదప భీమిలి దీపస్తంభాన్ని, తుదకు తన పడవ ముక్కునే కాజేసిన ఏడాది, అతని కూతురు వరహాలు అతనికొక కొత్త పడవ కొన్నది. బతుకుతెరువు కోసం వల విసిరే పడవ కాదది. ఆదివారం పూట తండ్రీ కూతుళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుని గాలం వేసుకొనడానికి సరిపోయే తెల్లని చిన్న ఫైబరు పడవ. దానిని చూసి రేవులో నవ్వనివారు లేరు.

“ఆకలికి పట్టినోల్ని సూసినాను, అమ్ముకోడానికి పట్టినోల్ని సూసినాను. సరదాకి పట్టినోన్ని నిన్నే సూత్తన్నాన్రా గురయ్యా,” అన్నాడు సోమయ్య. యౌవనం మొదలు గురయ్యతో ఒకే పడవలో తెడ్డు వేసినవాడతడు.

“నువ్వు సూత్తన్నావు. నాకా భాగ్యం కూడా లేదు,” అన్నాడు గురయ్య, నవ్వకుండానే.

ఆ మాట వరహాలు గుండెలో ముల్లై దిగింది. పడవ ఉన్నది, సముద్రమున్నది, గాలం పట్టే చేతిలో బలమున్నది. దారి మాత్రమే లేదు. నీటి అడుగున చేపలు కూడే రాళ్ళను గురయ్య ఏనాడూ కొలిచి కనుగొనలేదు. కొండ మీది గుడిని దీపస్తంభంతో కలిపి ఒక గీత, తాటితోపును మరొక కొండతో కలిపి ఇంకొక గీత మనసులో గీసుకొని, ఆ రెండు గీతలు కలిసినచోట లంగరు దించేవాడు. ఒడ్డు కానరాని కంటికి ఆ గీతలన్నీ చెరిగిపోయినట్లే. వరహాలు విశాఖపట్నంలో సముద్రశబ్దాలను పరిశోధించే ప్రయోగశాలలో ఇంజనీరు. తండ్రి పోగొట్టుకొన్న దారిని తన విద్యతో తిరిగి తెచ్చి ఇవ్వాలన్నది ఆమె పంతం.

మొదట తండ్రిని వెంటబెట్టుకొని పడవ సామగ్రి అమ్మే బషీరు దుకాణానికి వెళ్ళింది. అతడు నీటిలోకి శబ్దం పంపి లోతునూ చేపలనూ కనిపెట్టే పెట్టెలన్నీ బల్ల మీద వరుసగా పేర్చాడు.

“ఇది రెండు స్వరాలది, పెద్దాయనా. లావు స్వరం లోతుకెళ్తుంది, సన్న స్వరం చేపను చేపగా చూపిస్తుంది. ఇది పక్కలకు కూడా చూస్తుంది. ఇదేమో ఉపగ్రహంతో మాట్లాడి మీరెక్కడున్నారో పటం మీద పెడుతుంది. సరదా పడవకు ఇంతకన్నా అక్కరలేదు.”

గురయ్య ఆ పెట్టెలన్నిటినీ వేళ్ళతో తడిమాడు. ప్రతిదాని ముఖానా నున్నని అద్దం తగిలింది.

“అన్నీ అద్దాలేనా బాబూ? అద్దంలో సూడగలిగితే కొండనే సూసుకుందును గదా.”

“మాట్లాడేది కూడా ఉంది. ఎడమకు, కుడికి అని చెబుతుంది. కానీ మీ రాళ్ళు ఏ పటంలోనూ లేవు. ఒక్కసారి మీరే దాని మీదకి తీసుకెళ్ళి గుర్తు పెట్టాలి.”

“నాను ఎల్లగలిగితే దానికి నేర్పేదేటి?” అని గురయ్య లేచి నిలబడ్డాడు. “పద, అమ్మీ.”

వరహాలు రెండు స్వరాల యంత్రాన్ని మాత్రం తీసుకొని వెనుదిరిగింది.

అతడు ఆమెను ‘అమ్మీ’ అనే పిలుస్తాడు. పేరు పెట్టి పిలువగా ఆమె ఎరుగదు. బడిలో చేర్చిననాడు పంతులు పేరడిగితే కూడా, “నువ్వే సెప్పమ్మీ,” అని ఆమెను ముందుకు తోశాడు. తోటి పిల్లల తండ్రులు నోరారా పేరు పెట్టి కేకేస్తుంటే ఆమెకు చిన్నతనంలో కంట నీరు తిరిగేది. తల్లి పోలమ్మ నవ్వి, “నన్ను మాత్రం పేరెట్టి పిల్సినాడేటే ఆ మనిసి,” అని తలలో నూనె రాసేది. ఆ తల్లి పోయి చాలాకాలమైంది. ఆ చిన్న కొరత మాత్రం కూతురి మనసులో ఒక మూల అలాగే మిగిలి ఉన్నది.

ప్రయోగశాలలో ఆమె పై అధికారి డాక్టర్ హైమవతి. వారిద్దరూ ఏళ్ళ తరబడి పాటుపడి నిర్మించిన పరికరం పేరు ‘అంతర్దిశ’. సముద్రపు అడుగును వినడానికి నేర్చిన విద్యనే తిప్పి, మనసు అడుగును వినడానికి వాడారు. మనిషి ఒక చోటును తలచుకొంటున్నప్పుడు మెదడులో రేగే సన్నని అలలను టోపీలాంటి పరికరం గ్రహిస్తుంది. ఆ చోటి దిక్కు, దూరం, అక్కడ అతడు తనలో తాను అనుకొనే మాట, సర్వమూ అందులో చేరుతాయి. పిదప ఒక చిన్న పెట్టె, అతని గొంతుతోనే, అతనికి దారి చెబుతుంది.

“గురయ్యగారూ, ఒక్క సంగతి జాగ్రత్తగా వినండి,” అన్నది హైమవతి మొదటినాడు. “జ్ఞాపకం ఎండిన మట్టిబొమ్మ లాంటిది. తడిపితే గాని మా యంత్రానికి ముద్ర పడదు. తడిసినంతసేపూ అది మెత్తగా ఉంటుంది. మేము ముద్ర తీసుకొన్న వెంటనే, ఆ రాయిని గురించి మీరు తలచినదంతా నోటితో పైకి చెప్పాలి. చెప్పినది మళ్ళీ గట్టిపడుతుంది.”

“సెప్పందో?”

“చెప్పనిది జారిపోతుంది.”

గురయ్య ఆ టోపీని వేళ్ళతో తడిమాడు. “ఒక మాట జారితే ఆ మాటే గదా తల్లీ పోతాది?”

“దానికి ముడిపడినది కూడా పోతుంది. అందుకే ఏదీ దాచకండి.”

“అలగే,” అన్నాడు గురయ్య.

అతడు కన్నులు మూసుకొని కుర్చీలోనే సముద్రం మీదికి వెళ్ళాడు. తెడ్డు పట్టినట్టుగా చేతులు కదిలాయి. ఒకచోట ఆగి, పెదవులు మాత్రమే కదిపి, రెండు చేతులూ జోడించాడు. యంత్రం ముద్ర తీసుకొన్నది. తరువాత అతడు గొంతు విప్పాడు: “గుడి వచ్చి దీపం మీద కూకుంటాది. తాడితోపు రెండుగా ఇరుగుతాది. అడుగున నల్లరాయి. గాలి తూరుపుదైతే వంజరం, లేకపోతే ఏటీ రాదు.”

“ఇంకేమైనా ఉన్నదా?”

“లేదమ్మా. అంతే.”

అంతే కాదు. ఆ సంగతి ఆ గదిలో అతనికొక్కనికే తెలుసు.

మరికొన్ని నాళ్ళకు రెండవ రాయిని చదివారు. ఆ సాయంకాలం ఇంట్లో గోడనానుకొని తడుముకొంటూ వస్తున్న గురయ్య చేతికి పోలమ్మ పటానికి వేసిన పూలదండ తగిలింది. ఆగి, ఆ పూలను ఒక్కొక్కటిగా తాకాడు.

“ఇదెవరి పటం, అమ్మీ?”

“అమ్మది గదా అయ్యా.”

“ఆఁ. అమ్మదే,” అన్నాడతడు, పొరుగింటివారి సంగతి విన్నట్టుగా.

వరహాలు కన్నులనే తప్పు పట్టింది. చూపు మందగించినవాడికి పటమైనా గోడైనా ఒకటే గదా అనుకొన్నది. తల్లి తద్దినంనాడు పురోహితుడు నువ్వులూ నీళ్ళూ చేతిలో పోసి, “ఆవిడ పేరు చెప్పి విడవండి,” అన్నప్పుడు గురయ్య నోరు మెదపలేదు. పేరు పలికి విడిచిన నీరే పోయినవారి దాహం తీరుస్తుందని పెద్దల మాట. వేళ్ళసందుల నుండి నీరు కారిపోతున్నది. భార్య పేరు చెప్పడానికి పాతకాలపు మనిషి సిగ్గుపడుతున్నాడని తలచి, పోలమ్మ అని వరహాలే అందించింది. అతడు తల వంచి ఆ పేరును కొత్తగా నేర్చుకొన్న పిల్లవానివలె పలికాడు. ఆనాడైనా ఆమె అనుమానించి ఉంటే ఈ కథ మరొక తీరుగా నడిచేది. విద్య ఉన్నవారి కన్ను యంత్రం మీద ఉన్నప్పుడు ఇంటి గోడలు వారికి కనిపించవు.

చివరి రాయి దగ్గర గురయ్య మొరాయించాడు.

“అదొక్కటీ ఉండిపోనీయే, అమ్మీ. మిగతావి సాలవేటి?”

“అది అన్నిటికన్నా దూరపు రాయి అయ్యా. అది లేకపోతే మిగిలినవాటి లెక్క కుదరదు. పెట్టె ఒక్కదాని మీదికి కూడా తిన్నగా తీసుకెళ్ళలేదు.”

“నీకు కావాలా?”

“నాకు కావాలి. నువ్వు మళ్ళీ సముద్రం మీద నవ్వుతుంటే చూడాలి.”

గురయ్య చెయ్యి చాచి, వెదకి, ఆమె తల మీద ఉంచాడు. చిన్నప్పుడు జ్వరం చూసినట్టు నుదుటిని చేతి వెనుకవైపుతో తాకి చూశాడు. “అలగైతే సరే,” అన్నాడు.

ఆ ప్రయాణం మిగిలినవాటికన్నా చాలాసేపు సాగింది. గమ్యం చేరాక అతని పెదవులు కదిలాయి. కన్నుల చివర తడి మెరిసింది. చేతులు జోడించాడు. ముద్ర పడింది. తరువాత కొండలూ, గీతలూ, గాలీ, చేపలూ, అన్నీ చెప్పాడు. ఆగాడు. ఏదో గొంతు దాకా వచ్చినట్టున్నది. గుటక వేసి దానిని మింగాడు.

“ఇంకేమైనా?”

“లేదమ్మా. అంతే.”

టోపీ తీశాక ఆనవాయితీ ప్రకారం అతణ్ణి కొంతసేపు చీకటి గదిలో పడుకోబెట్టారు. నిద్ర లేచిన తరువాత వరహాలు చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టి, చెయ్యి అందించింది.

“పద అయ్యా, కాఫీ తాగి ఇంటికి పోదాం.”

గురయ్య ఆ గొంతు వచ్చిన వైపుకు ముఖం తిప్పాడు. మర్యాదగా తన చేతిని వెనక్కు తీసుకొన్నాడు.

“తవరెవరండీ? నాకు కళ్ళు కానరావు. మా పేటకి ఎల్లే బస్సెక్కించీగలరేటి?”

“వెటకారాలు చాలించు, అయ్యా.”

“వెటకారం గాదమ్మగోరూ,” అన్నాడతడు, కంగారుపడి. “తవరికి ఇబ్బందైతే వొద్దులెండి. ఎవర్నో అడుక్కుంటాను.”

వరహాలు చెప్పులు అక్కడే వదిలి హైమవతి కోసం పరుగెత్తింది.

హైమవతి చేయగలిగినదంతా చేసింది. ముద్రలన్నిటినీ మళ్ళీ మళ్ళీ పరీక్షించింది. దిక్కులూ దూరాలూ చక్కగా ఉన్నాయి. ప్రతి రాయి నడుమా ఒక గట్టి ముడి ఉన్నది. ఆ ముడి అతని నోటి మాటల్లో ఎక్కడా లేదు. అందులోని మాట ఏమిటో, ఆ రాయి మీదికి చేరితే గాని పెట్టె పలకదు.

“ఒక్కొక్క రాయి దగ్గర ఏదో దాచాడు, వరహాలూ. అతని బతుకులో చాలా భాగం ఆ ముళ్ళకే వేలాడుతున్నది. మనం విప్పాం. అతను తిరిగి వేసుకోలేదు.”

“యంత్రంలో ఉన్నది గదా మేడం. అక్కడి నుంచి తిరిగి పెట్టలేమా?”

హైమవతి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. “మనకు చదవడమే వచ్చు, తల్లీ. రాయడం రాదు.”

ఇంటిలో బతుకు పైకి మునుపటిలాగే నడిచింది. వరహాలు వండి పెట్టేది. అతడు తిని, “పులుసు బాగున్నాదమ్మా, తవరి సెయ్యి సల్లగుండ,” అని దీవించేవాడు. ఆమె తన చిన్ననాటి సంగతులన్నీ పూసగుచ్చినట్లు చెప్పేది. అతడు శ్రద్ధగా వినేవాడు. అందులోని తండ్రి చేసిన పనికి మెచ్చుకొనేవాడు. తాను పరాయి ఇంట ఊరికే తింటున్నాననే బిడియంతో వలలు అల్లే దారం తెచ్చిపెట్టమని అడిగేవాడు. ఎవరో దయగల తల్లి తనను చేరదీసిందని నమ్మి, ప్రతి ఉదయమూ సింహాద్రి అప్పన్నకు దణ్ణం పెట్టి ఆమె క్షేమం కోరుకొనేవాడు. వరహాలు వంటింట్లో నిలబడి ఆ ప్రార్థన వినేది. అందులో ఆమె ‘ఆ తల్లి’ మాత్రమే.

సోమయ్య చూడవచ్చి, మిత్రునితో చాలాసేపు మాట్లాడి, బయటికి వచ్చి ఇసుకలో చతికిలబడ్డాడు. గురయ్యకు అతడు గుర్తున్నాడు.

“నన్ను తిట్టినాడు. పాత బాకీలు కూడా తవ్వి మరీ తిట్టినాడు. మరి నిన్నెలాగ మరిసిపోనాడే?”

“రాళ్ళ దగ్గర ఏదో దాచాడట మావా. ఏమిటో తెలియదు.”

సోమయ్య ఇసుకలో నుండి లేచి నిలబడ్డాడు. “పేర్లు పైకి పలకమన్నారా?”

“ఏం పేర్లు?”

అతడు చుట్టూ చూసి, నీటి అంచుకు నడిచి, చీలమండల దాకా నీళ్ళలో నిలిచాడు. ఆమెను దగ్గరకు పిలిచాడు. సముద్రంలో నిలిస్తే గాని ఆ మాట చెప్పడానికి అతనికి ధైర్యం చాలలేదు.

“కొత్త రాయి దొరికిన్నాడు మా వోళ్ళు దానికి ఇంట్లో మనిసి పేరెడతారు. ప్రాణానికి ప్రాణమైన మనిసి పేరు. పెట్టినాక ఆ పేరు గంగమ్మదే. ఆ రాయి మీద, నీటి మీద పలకాలి. నేల మీద పెట్టినోడి నోటగాని, ఆ రాయి మీద ఇన్నోళ్ళ నోటగాని రాకూడదు. వొస్తే ఆ పేరుగలోళ్ళకి కీడు. అందుకే మీ అయ్య మీ అమ్మని పేరెట్టి పిలవలేదు. నిన్నూ పిలవలేదు. ఆ దూరపు రాయి నీది, గుంటా.”

అలలు వచ్చి పాదాల కింది ఇసుకను లాగుకొనిపోతున్నాయి. వరహాలు రాళ్ళను ఒక్కొక్కటిగా లెక్క పెట్టుకొన్నది. మొదటి రాయి నాయనమ్మదై ఉంటుంది. ఆమె ఎప్పుడో పోయింది గనుక అతడు ఆమెను మరచినది ఎవరికీ తెలియలేదు. రెండవది పోలమ్మ. చివరిది తాను. చెప్పనిది జారిపోతుందని విని కూడా, కూతురికి కీడు జరగకూడదని, అతడు ఆమె పేరును మింగేశాడు. ముడిపడినది కూడా పోతుందని చెప్పినా, ఒక మాటే గదా పోయేదని సరిపెట్టుకొన్నాడు.

“నీటి మీదికి తీసుకెల్లు,” అన్నాడు సోమయ్య. “ఆ రాయి మీద ఆ పేరు ఇంటే... ఏమో. గంగమ్మ తల్లి ఇచ్చినా ఇచ్చును.”

ఆ ఆశతోనే వరహాలు అంతర్దిశ పెట్టెను పడవలో బిగించింది. పక్కనే బషీరు దగ్గర కొన్న రెండు స్వరాల యంత్రాన్నీ పెట్టింది. తెల్లవారాక గాలి నెమ్మదించిన వేళ తండ్రిని చెయ్యి పట్టి ఎక్కించింది. ఉప్పుగాలి తగలగానే గురయ్య ముఖం విచ్చుకొన్నది.

“ఎన్నాళ్ళయిందమ్మా. తవరు పుణ్యం కట్టుకున్నారు.”

పెట్టె మేల్కొన్నది. రెండవ రాయి దగ్గరపడగానే గురయ్య గొంతు, కాస్త పడుచుదనం కలిసిన గొంతు, అందులో నుండి పలికింది: “ఎడంగా పో. ఇంకొంచెం. తాడితోపు కొండ ఎనక్కి పోతన్నాది. ఆగు. పోలమ్మ. నా ఇల్లు సల్లగుంచిన తల్లి.”

గురయ్య అలవాటుగా చేతులు జోడించి నీటికి మొక్కాడు. ముఖంలో భక్తి తప్ప మరేమీ లేదు.

“ఎవరమ్మా ఆ మాటాడినాయన? మా పేటోడిలాగున్నాడు.”

ఎవరి గొంతు వారికి కొత్తగా వినిపిస్తుంది. వరహాలు పడవను ముందుకు నడిపింది. ఒడ్డు నీలంగా సన్నబడింది. కొండలు ఒకదాని వెనుకకు ఒకటి తప్పుకొన్నాయి. ఆమె రెండు చేతులతోనూ చుక్కాని పట్టుకొన్నది. ఈ లోకంలో తనకు కావలసినది ఇంకొక్క మాట దూరంలో ఉన్నది.

“నెమ్మదిగా,” అన్నది పెట్టె. “ఇక్కడే. ఆగు.”

ఇంజను ఆపింది. రెండు స్వరాల యంత్రం అద్దం మీద అడుగున రాయి కొండలా లేచింది. దాని చుట్టూ చేపల గుంపు మబ్బులా కమ్ముకొన్నది. ఆ నిశ్శబ్దంలో గురయ్య గొంతు, ఎవరి చెవినీ పడకుండా ఇన్నేళ్ళు నీటితో మాత్రమే చెప్పుకొన్న మాట, పైకి వచ్చింది.

“వరహాలు. నా వరహాలు. జొరం తగ్గిన్నాడు దొరికినాది ఈ రాయి. తల్లీ గంగమ్మా, పిల్లని నీ కొంగున కట్టుకో. నేల మీద నేను పిలవను. నువ్వు సల్లగ సూడు.”

పెట్టె ఆగింది.

పుట్టి బుద్ధెరిగిన తరువాత తండ్రి గొంతులో తన పేరు వరహాలు వినడం అదే మొదలు. ఆమె అతని ముఖం వైపు చూసింది. గురయ్య రెండు చేతులూ జోడించి ఉన్నాడు. తల పక్కకు వంచి, ఆ మాటలు నీళ్ళలో ఇంకేదాకా విన్నట్టుగా, చాలాసేపు అలా ఉన్నాడు. చూపులేని కన్నుల నుండి నీరు కారింది. ఆమె గుండె ఒక్కసారి ఎగసింది.

“అయ్యా.”

“ఎవడో మహానుబావుడమ్మా,” అన్నాడు గురయ్య, ముక్కు తుడుచుకొంటూ. “ఆ గుంటపిల్ల మీద ప్రాణాలెట్టుకున్నాడు. ఆడి మాట ఇంటుంటే నాకే ఏడుపొచ్చీసినాది. ఆ పిల్ల ఎక్కడున్నాదో, సుకంగా ఉన్నాదో లేదో.”

వరహాలు పడవ అంచును పట్టుకొన్నది. “సుఖంగానే ఉన్నది,” అన్నది.

“తవరికి తెలుసేటి?”

“తెలుసు.”

“అయితే ఒక్క మాట ఇనండి.” గురయ్య చెయ్యి చాచి గాలిలో వెదకి ఆమె మణికట్టు అందుకొన్నాడు. “ఒడ్డుకెళ్ళినాక ఆ పేరు మాత్రం అనకండి. నీటి మీద ఇన్నది నీటి మీదే వొదిలీయాలి. ఆ పిల్లకి కీడు జరుగుతాది. ఆ తండ్రి ఇన్నాళ్ళు నోరు కట్టుకున్నది పోతాది.”

“అనను,” అన్నది వరహాలు.

అతడు గాలానికి ఎర గుచ్చాడు. ఆ రాయి మీద వంజరం విరివిగా పడింది. మొదటి చేపను దోసిట ఎత్తి, కళ్ళకద్దుకొని, తిరిగి నీటిలో విడిచాడు. తరువాతిది లాగుతూ నవ్వాడు. ఆ నవ్వు చూడడానికే ఆమె ఇదంతా చేసింది. ఎదురుగా కూర్చుని, తనివితీరా చూసింది.

ఒడ్డున సోమయ్య మోకాళ్ళ లోతు నీళ్ళలోకి ఎదురు వచ్చాడు. వరహాలు ముఖం చూసి, పడవ అంచు పట్టి లాగాడు. పడవ ముక్కు ఇసుకను తాకింది. గురయ్య దిగి, తడి నేల మీద నిలదొక్కుకొని, ఆమె భుజం కోసం చెయ్యి చాచాడు.

“ఇన్నాళ్ళూ తవరి సేతి కూడు తింటన్నాను. తవరి పేరేటో అడగనేలేదు. సూడండి నా తెలివి. తవరి పేరేటమ్మా?”

సోమయ్య తల తిప్పుకొన్నాడు. పాదాల కింద ఉన్నది నేల. వరహాలు తండ్రి చెయ్యి తెచ్చి తన భుజం మీద ఉంచుకొన్నది.

“అమ్మీ అనండి,” అన్నది. “అది చాలు.”

“అమ్మీ,” అన్నాడు గురయ్య, ఆ మాటను మొట్టమొదటిసారి పలికినట్టుగా. “బాగున్నాది. పద అమ్మీ, ఎండెక్కుతన్నాది.”

ఆమె నెమ్మదిగా, అతని అడుగును బట్టి అడుగు వేస్తూ, ఇసుకలో నడిచింది.